కరవాజో చిత్రం: పునీత మత్తయి హతసాక్షి మరణం

చర్చిల్లో ఉంచే చిత్రాలు సామాన్యులకు మతబోధ చేయాలని, వారిలో భక్తిని రేకెత్తించాలని 1563లో ట్రెంట్ మతసభ తీర్మానించింది. ప్రొటెస్టెంట్లు పునీతుల ఆరాధనను తీవ్రంగా విమర్శిస్తున్న కాలమది. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల చిత్రాలకు కాథలిక్ చర్చి ప్రాధాన్యం ఇవ్వడానికి ఇదొక ముఖ్య కారణం. అయితే చర్చి కోరినదానికీ చిత్రకారుడు గీసినదానికీ మధ్య ఎంత దూరం ఉండవచ్చో ఈ చిత్రంలో చూడవచ్చు.

రోమ్‌లోని సాన్ లుయీజీ దేయ్ ఫ్రాంచేజీ చర్చిలో ఒక ప్రార్థనామందిరాన్ని తన పేరిటి పునీతుడైన మత్తయి చిత్రాలతో అలంకరించాలని ఫ్రెంచి కార్డినల్ కొంతరెల్లి సంకల్పించాడు. ఆయన 1585లో మరణించాడు. పని ఏళ్ల తరబడి సాగలేదు. చివరకు 1599లో పక్కగోడల చిత్రాలు 27 ఏళ్ల కరవాజోకు దక్కాయి.

ఐతిహ్యం ప్రకారం, మఠకన్య అయిన ఇఫిజీనియాను ఇథియోపియా రాజు పెళ్లాడదలచాడు. మత్తయి అడ్డుచెప్పాడు. రాజు పంపిన హంతకుడు ఆయనను బలిపీఠం దగ్గరే చంపాడు.

దృశ్యం ఎలా ఉండాలో కార్డినల్ రాతపూర్వకంగా సూచించాడు: విశాలమైన ఆలయం, హంతకులైన సైనికులు, ఎక్కువమంది ప్రార్థనలో ఉన్న జనం, మత్తయి గాయపడి నేలకు ఒరగాలి, కానీ ఇంకా ప్రాణంతో ఉండాలి. కరవాజో మొదట భవన నిర్మాణాన్ని చూపుతూ చిన్న ఆకృతులతో గీయడం ప్రారంభించి, దాన్ని వదిలేసి అదే కాన్వాసుపై మళ్లీ గీశాడు. ఎక్స్-రే పరీక్షల్లో ఇది బయటపడింది.

పూర్తయిన చిత్రంలో ఆలయం చీకట్లో కలిసిపోయింది. సైనికుల గుంపుకు బదులు దాదాపు నగ్నంగా ఉన్న ఒకే యువకుడు కత్తితో నిలబడ్డాడు. ప్రార్థించేవారు కనిపించరు, ఒక బాలుడు అరుస్తూ పారిపోతున్నాడు. వెలుగు ఎక్కువగా ఎవరిమీద పడిందో గమనించండి: చిత్రం మధ్యలో ఉన్న హంతకుడి శరీరం మీద! నేలమీద పడిన మత్తయి మణికట్టును అతడు పట్టుకున్నాడు. అదే చేతికి పైనుంచి దేవదూత ఖర్జూరపు మట్టను అందిస్తున్నాడు. అది హతసాక్షి విజయానికి గుర్తు. ఆ చెయ్యి దెబ్బను అడ్డుకోవడానికి లేచిందా, మట్టను అందుకోవడానికా? చిత్రం తేల్చి చెప్పదు. నా దృష్టిలో చిత్రానికి బలం ఇక్కడే ఉంది.

వెనుక చీకట్లో, వెళ్లిపోతూ తల తిప్పి చూస్తున్న గడ్డపు మనిషి ఒకడున్నాడు. ఆ ముఖం కరవాజోదే.