కృష్ణా జిల్లా జనం ఎటు పోయారు?

2011 జనాభా లెక్కల్లో కృష్ణా జిల్లా జనం 45,17,398. 2022 నాటి జిల్లా లెక్కలో అదే పేరు ఎదుట ఉన్నది సుమారు 17.35 లక్షలు. రెండు టేబుళ్లనూ జిల్లా పేరుతో కలిపితే దాదాపు 28 లక్షల మంది కనపడకుండా పోతారు.

మొదటి ఆధారం తేదీ. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి 22 లక్షలకు పైగా జనం వెళ్లారు. నూజివీడు, కైకలూరు వైపు మండలాలు ఏలూరు జిల్లాలో కలిశాయి. గన్నవరం కృష్ణాలోనే ఉండిపోయింది. అంటే అక్కడున్న విజయవాడ విమానాశ్రయం లెక్క విజయవాడ ఉన్న జిల్లాలోకి రాదు!

ఈ పేరు కింద నేల మారడం కొత్తేమీ కాదు. 1859లో గుంటూరు జిల్లాను మచిలీపట్నం జిల్లాలో కలిపి కృష్ణా అన్నారు. 1904లో గుంటూరును మళ్లీ వేరు చేశారు. 1920లలో పశ్చిమ గోదావరి విడిపోయింది. నూరేళ్ల పంట దిగుబడిని ‘కృష్ణా’ అనే ఒక్క గీతగా గీస్తే ఆ గీత అబద్ధం చెబుతుంది.

అయితే జిల్లా బదులు నియోజకవర్గాన్ని పట్టుకుంటే? రెండో ఆధారం అక్కడే దొరుకుతుంది. ఎనికేపాడు, నిడమానూరు, ప్రసాదంపాడు, రామవరప్పాడు ఓట్లు గన్నవరం నియోజకవర్గంలో పడతాయి. ఆ ఊళ్లున్న విజయవాడ రూరల్ మండలం మాత్రం ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. కాబట్టి నియోజకవర్గాన్ని జిల్లా కింద వరుసగా ఇరికించలేం. ఊరు నుంచి రెండు దారులు పైకి వెళ్తాయి, వాటిని విడివిడిగానే ఉంచాలి. ఊరి పేరును నమ్ముకున్నా ముప్పే: కోనసీమలో పి.గన్నవరం ఉంది, అదీ నియోజకవర్గమే.

రాల్ఫ్ కింబాల్ 1996లో రాసిన ‘ది డేటా వేర్‌హౌస్ టూల్‌కిట్’ ఇలా హద్దులు మారే లెక్కలను దాచే పనికి పద్ధతి చూపింది. జనాభా, ఓట్లు, వాన, ఒక్కోదానికి ఒక ఫ్యాక్ట్ టేబుల్, అంటే అంకెలు ఉండే టేబుల్. అన్నిటికీ ఉమ్మడిగా స్థలం, కాలం అనే డైమెన్షన్లు, అంటే ఆ అంకెలు ఎక్కడివో, ఎప్పటివో చెప్పే టేబుళ్లు. స్థలం డైమెన్షన్‌లో ప్రతి ఊరికీ, పట్టణానికీ మారని కోడ్ ఒకటి. అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లాలో ఉందో విడి వరుసల్లో రాయాలి. నా దృష్టిలో ఆ రెండు తేదీల కాలమ్‌లే మొత్తం డిజైన్‌కు ప్రాణం. పాత తేదీతో కూడితే 45 లక్షలు, కొత్త తేదీతో కూడితే 17.35 లక్షలు వస్తాయి. రెండూ నిజమే.

ఇంకో ఉచ్చు మిగిలింది. జనాభా ఊరివారీగా ఒకసారి రాసిన లెక్క, వాన మండలంవారీగా రోజూ రాసే లెక్క. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 122 రోజులు. మండలం పేరుతో ఈ రెండు ఫ్యాక్ట్ టేబుళ్లనూ నేరుగా జోడిస్తే గన్నవరంలో ప్రతి మనిషీ 122 సార్లు లెక్కకొస్తాడు. ముందు వానను సీజనుకూ, జనాన్ని మండలానికీ వేర్వేరుగా కూడాలి. మండలానికి ఒక్కో వరుసే మిగిలాక అప్పుడు పక్కపక్కన పెట్టాలి.