మూగదొర కోట

కట్టబ్రహ్మన అంటే మన పెద్దవాళ్లకు శివాజీ గణేశనే. కట్టబొమ్మన్ కథతో 1959లో వచ్చిన ఆయన తమిళ సినిమా తెలుగులోకీ ఆ పేరుతో వచ్చింది. కిస్తు అడిగిన దొరను నిలబెట్టి కడిగేసే ఆ డైలాగులు వల్లించినవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. కయత్తారులో చింతచెట్టుకు కట్టబొమ్మన్‌ను ఉరి తీయడంతో సినిమా అయిపోతుంది. అతడి కోట పాంచాలంకురిచి అసలు ముట్టడి జరిగింది ఆ తర్వాత. అప్పుడు కోటను కాచినవాడికి ఒక్క డైలాగు కూడా రాయడానికి వీల్లేదు. అతడు మూగవాడు.

కట్టబొమ్మన్ తమ్ముడు. తమిళులు ఊమైదురై అంటారు, మన మాటలో మూగదొర. వీళ్లది రాజకంబళ నాయకుల వంశం. విజయనగర కాలంలో దక్షిణానికి దిగి, తిరునెల్వేలి నల్లరేగడి నేలల్లో స్థిరపడి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, జక్కమ్మను కొలిచే జనం. ఆర్కాటు నవాబు అప్పుల పుణ్యమా అని కట్టబొమ్మన్ లాంటి పాళెగాళ్ల దగ్గర కిస్తు వసూలు చేసుకునే హక్కు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. కలెక్టరు జాక్సన్ కట్టబొమ్మన్‌ను 23 రోజులు ఊరూరా వెంట తిప్పుకొని, 1798 సెప్టెంబరులో రామనాథపురంలో దర్శనమిచ్చాడు. మాటామాటా పెరిగి కత్తులు దూశారు, ఒక ఇంగ్లీషు అధికారి చచ్చాడు. మరుసటి ఏడు కంపెనీ అధికారి బానర్‌మన్ సైన్యంతో వచ్చి కోట మీద పడ్డాడు. కట్టబొమ్మన్ తప్పించుకున్నా పుదుక్కోట రాజు పట్టి అప్పగించాడు. అక్టోబరులో ఉరి. కోటను నేలమట్టం చేశారు, తమ్ముళ్లను పాళయంకోట జైల్లో వేశారు. కథ కంచికి చేరిందనుకుంది కంపెనీ.

1801 ఫిబ్రవరి 2. పాళయంకోటలో మేజర్ మెకాలే తోట బంగళాలో దొరలూ దొరసానులూ విందుకు కూర్చున్నారు. (ఇతడు కాలిన్ మెకాలే. మనకు ఇంగ్లీషు చదువులు అంటగట్టాడని తిట్టుకునే మెకాలేకు స్వయానా పెదనాన్న.) అదే సమయానికి జైల్లో మూగదొరతోపాటు ఖైదీలు కాపలావాళ్ల ఆయుధాలు లాక్కుని కోట గుమ్మం దాటేశారు. తెల్లారేసరికి ముప్ఫై మైళ్లు పరిగెత్తి పాంచాలంకురిచి చేరారు. సంగతి తెలుసుకున్న మెకాలే ఉన్న సైన్యాన్ని కూడగట్టుకుని వారంలో అక్కడికి వెళ్లాడు. పాడుబడ్డ దిబ్బ కనిపిస్తుందనుకుంటే గోడలు కనిపించాయి! రాయి లేదు, సున్నం లేదు, అంతా మట్టి. పన్నెండడుగుల ఎత్తు, మూలమూలకూ బురుజు, చుట్టూ ముళ్లకంప. గోడల మీద పదిహేను వందల మంది నిలబడి ఉన్నారు. ఆరేడు రోజుల్లో ఊరూవాడా కలిసి మట్టి తొక్కితే తప్ప లేవని కోట అది. మెకాలే వచ్చిన దారినే వెనుదిరిగాడు.

ఆ మెకాలే సైన్యంలోనే జేమ్స్ వెల్ష్ అనే అధికారి ఉండేవాడు. మూగదొర గురించి మనకు తెలిసిందాంట్లో చాలాభాగం ఆ శత్రువు రాసిపెట్టిన జ్ఞాపకాల్లోదే. సన్నగా, పొడుగ్గా, చూడ్డానికి రోగిష్టిలా ఉండే కుర్రాడు. అయినా అతడు సైగ చేస్తే చాలు, జనానికి అది దైవాజ్ఞ. యుద్ధం గురించి చెప్పాల్సి వస్తే నాలుగు గడ్డిపరకలు ఏరి ఎడమ అరచేతిలో పేర్చేవాడట. అవి తెల్లవాళ్లు. కుడిచేత్తో వాటిని ఒక్క ఊపున తుడిచేసి, నోటితో బుస్సుమని శబ్దం చేసేవాడు. అదే దాడికి ఆజ్ఞ. ఇది రాసింది అతణ్ని చంపడానికి వచ్చినవాడు. రాసేటప్పుడు ముచ్చట దాచుకోలేకపోయాడు.

మార్చి 31న గోడకు గండి కొట్టి తెల్ల సోల్జర్లు ఎగబాకారు. పైకెక్కినవాడికి అడుగు పెట్టే చోటు లేదు. గండి వెనక గుంటల్లో నిలబడ్డవాళ్లు పద్దెనిమిది, ఇరవై అడుగుల ఈటెలతో కింద నుంచి పొడిచి దొర్లించారు. ముందు నడిచిన 120 మంది తెల్లవాళ్లలో దెబ్బ తగలకుండా తిరిగొచ్చినవాళ్లు 46 మందే. మట్టిగోడ అని తేలిగ్గా తీసుకున్నందుకు చెల్లించిన మూల్యం. ఆ తర్వాత దాదాపు రెండు నెలలు కంపెనీ సైన్యం కోట ఎదుట గుడారాలు వేసుకుని కూర్చుంది, పెద్ద ఫిరంగుల కోసం ఎదురుచూస్తూ.

మే నెలలో కర్నల్ ఆగ్న్యూ వచ్చాడు. ఫిరంగులూ వచ్చాయి. ఈటె ఎంత పొడుగైనా ఫిరంగికి అందదు. మే 24 మధ్యాహ్నం గండి దగ్గర నిలబడ్డవాళ్లు నిలబడ్డచోటే పోయారు, ఎవరూ పక్కకు తప్పుకోలేదు. మిగిలినవాళ్లు గుంపుగా బయటికి దూకితే మైదానంలో గుర్రపు దళం నరికింది. కోటలోనూ బయటా శవాలు వందలు.

ఆ పొద్దుగూకాక పక్క ఊరి ఆడవాళ్లు తమవాళ్లను వెతుక్కుంటూ వచ్చారు. ఒక తల్లికి కొనఊపిరితో కొడుకు దొరికాడు. నన్నొదిలెయ్యమ్మా, పక్కన స్వామి పడి ఉన్నాడు, ఆయన్ని కాపాడు అన్నాడట. స్వామి అంటే మూగదొరే. కన్నకొడుకును అక్కడే వదిలి ఆ తల్లి అతణ్ని ఇంటికి మోయించుకుపోయింది. వెతుక్కుంటూ కంపెనీ పక్షాన ఉన్న ఎట్టయాపురం పాళెగాడి మనుషులు ఊళ్లోకి వచ్చేసరికి ఆడవాళ్లు అతడి మీద గుడ్డ కప్పి, అమ్మవారు పోసి చచ్చిపోయాడంటూ శోకాలు పెట్టారు. వచ్చినవాళ్లు మసూచి పేరు వినగానే పారిపోయారు. నన్నడిగితే ఆ ముట్టడిలో ఫిరంగుల మీద గెలిచింది ఆ ఆడవాళ్లే.

ఎట్టయాపురం పాళెగాళ్లూ తెలుగు మూలాలున్న నాయకులేనన్నది ఇక్కడ మింగుడుపడని నిజం. కంపెనీ ఒంటరిగా రాలేదు, పొరుగుపాళెం వాళ్ల బలగాలతో వచ్చింది. పాంచాలంకురిచి భూముల్లో వాటా ఆ తర్వాత ఎట్టయాపురానికి ముట్టింది. తమిళనాట ఆ పాళెగాడు ఎట్టప్పన్ పేరు ఇప్పటికీ ద్రోహికి పర్యాయంగా తిరుగుతోంది. ఒక వంశాన్నంతా తరతరాలూ ఆ మాటతో కొట్టడం న్యాయమేనా అంటే చెప్పలేను. అప్పుడు పొట్ట కాపాడుకున్న పాళెగాడు అతడొక్కడే కాదు.

గాయాలు మానిన మూగదొర శివగంగ మరుదు సోదరులతో కలిసి కాళయార్‌కోయిల్ అడవుల్లో పోరాడాడు. అక్టోబరులో మరుదులను తిరుప్పత్తూరులో ఉరి తీశారు. నవంబరు 16న అతణ్నీ మరో సోదరుణ్నీ తమ పాంచాలంకురిచికే తీసుకొచ్చి ఉరి తీశారు. ఈసారి కోటను పడగొట్టి ఊరుకోలేదు. నేల దున్ని ఆముదం విత్తనాలు చల్లారు. ఊరి పేరు కూడా దస్తావేజుల్లోంచి కొట్టేశారు.

ఒట్టపిడారం పక్కన ఇప్పుడున్నది 1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టిన స్మారక కోట. దగ్గర్లోనే ముట్టడిలో పోయిన ఇంగ్లీషువాళ్ల సమాధులున్నాయి. తిరుచెందూరు మురుగన్ దర్శనానికి తూత్తుకుడి మీదుగా వెళ్లేవాళ్లు ఒక పూట అటు మళ్లండి. అన్న విగ్రహం దగ్గర ఫొటో దిగాక తమ్ముడి సంగతి అడగండి. ఆ చుట్టుపక్కల కంబళ నాయకుల ఇళ్లలో మీకు తెలుగులోనే చెప్పేవాళ్లు దొరుకుతారు.