పాపికొండల లాంచీలో కాటన్ దొర

మొన్న మా ఆవిడా నేనూ పాపికొండలకి లాంచీ ఎక్కాం. ఆవిడ కొండలు చూస్తోంటే, నేను కాటన్ దొర కథ మొదలెట్టాను (ఇంజనీరు బుద్ధి పోదు కదా!). 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినా ఆయనకి సాగునీరొక్కటే చాల్లేదు. రైలు కన్నా పడవే చవక అని వాదించినవాడాయన. నాగపూర్ వైపు పత్తిని గోదావరి మీదుగా సముద్రం దాకా దించాలని పథకం. నది మధ్యలో రాతిబండలు అడ్డం. భద్రాచలం ఎగువన దుమ్ముగూడెంలో ఆనకట్ట, పడవలకి లాకులు కట్టారు కూడా. ఈలోగా 1867కే నాగపూర్‌కి రైలొచ్చేసింది. 1871లో పథకానికి మంగళం పాడేశారు.

"అయితే మనం తిరుగుతోంది సగంలో ఆగిన ప్రాజెక్టులోనా? మీ ఆఫీసు లాగే ఉందే!" అంది.

కచ్చులూరు వచ్చింది. 2019 సెప్టెంబరు 15న పర్యాటకుల బోటు మునిగిందిక్కడే. ఇద్దరం మాట్లాడకుండా లైఫ్ జాకెట్ తాళ్ళు బిగించుకున్నాం.