మార్చ్ మ్యాడ్‌నెస్: 68 జట్లు.. 67 మ్యాచ్‌లు.. పైసా పెట్టకుండా అంచనాల ఆట ఆడేదెలా? నంద్యాల, ఆళ్లగడ్డ కుర్రాళ్లకు ఫుల్ గైడ్

మార్చి నెల సగం దాటిందంటే చాలు.. అమెరికాలో ఆఫీసు అయినా, కాలేజీ హాస్టల్ అయినా ఒకటే మాట. ‘బ్రాకెట్ నింపావా?’ అక్కడ ఉన్న మనవాళ్లు కూడా ఇందులో దిగిపోయారు. దాంతో ఆ లింకులు ఇప్పుడు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లోకి, నంద్యాల, ఆళ్లగడ్డ కుర్రాళ్ల ఫోన్లలోకీ వచ్చి పడుతున్నాయి. డల్లాస్ నుంచి అన్న లింక్ పంపిస్తాడు. ‘రేయ్.. రాత్రికల్లా నింపెయ్’ అంటాడు. ఇక్కడ తమ్ముడికేమో ఆ జట్ల పేర్లే తెలియవు. అసలు ఇది ఆటా? జూదమా? ఎలా ఆడాలి? ఎక్కడ ఆగాలి? పూర్తి వివరాలు చూద్దాం.

అసలేంటీ మార్చ్ మ్యాడ్‌నెస్?

అమెరికాలో కాలేజీల క్రీడలను నడిపే సంస్థ పేరు ఎన్‌సీఏఏ. ఆ సంస్థ ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టే బాస్కెట్‌బాల్ టోర్నీకే మార్చ్ మ్యాడ్‌నెస్ అని పేరు. 1939లో 8 జట్లతో మొదలైంది. తొలి ఫైనల్‌లో ఒహాయో స్టేట్‌ను 46-33తో ఓడించి ఒరెగాన్ కప్పు కొట్టింది. 1985లో జట్లు 64 అయ్యాయి. 2011లో ఆ సంఖ్య 68కి పెరిగింది. కరోనా వల్ల 2020లో మాత్రం టోర్నీ మొత్తం రద్దయింది.

ఇక్కడ కిక్ ఏంటంటే.. ఇది పక్కా నాకౌట్. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఐపీఎల్‌లో లాగా ‘వచ్చే మ్యాచ్‌లో చూసుకుందాంలే’ అనేది ఉండదు. అందుకే పెద్ద జట్లు కూడా వణుకుతూనే ఆడతాయి.

ఆట రూల్స్‌లోనూ చిన్న తేడా ఉంది. మన దగ్గర మ్యాచ్ అంటే 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. అక్కడ పురుషుల కాలేజీ మ్యాచ్ మాత్రం 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతి చేతికి వచ్చాక 30 సెకన్లలో షాట్ వేయాలి. స్కోర్ సమానమైతే మరో 5 నిమిషాలు ఆడిస్తారు.

బ్రాకెట్ అంటే?

టోర్నీ మొదలవ్వడానికి ముందు వచ్చే ఆదివారం జట్ల లిస్టు, ఎవరితో ఎవరు ఆడతారన్న చార్ట్ బయటపెడతారు. దీన్నే ‘సెలెక్షన్ సండే’ అంటారు. ఆ చార్టే బ్రాకెట్. జట్లను ఈస్ట్, వెస్ట్, సౌత్, మిడ్‌వెస్ట్ అని నాలుగు రీజియన్లుగా విడగొడతారు. ఒక్కో రీజియన్‌లో జట్లకు 1 నుంచి 16 వరకు ర్యాంకు ఇస్తారు. ఇదే సీడ్. ఒకటో సీడ్ అంటే గట్టి జట్టు. దానికి తొలి మ్యాచ్ 16వ సీడ్‌తో. రెండో సీడ్‌కు 15తో. అలా లెక్క సాగుతుంది.

ముందుగా 8 జట్లు నాలుగు మ్యాచ్‌లు ఆడి, 68 కాస్తా 64 అవుతాయి. అంచనాల పోటీల్లో చాలావరకు ఈ నాలుగింటినీ లెక్కలోకి తీసుకోరు. అసలు ఆట ఆ తర్వాతే. 32 మ్యాచ్‌లు, తర్వాత 16, ఆపై 8, 4, 2, చివరికి ఫైనల్. మొత్తం 63. తొలి మ్యాచ్ మొదలవ్వకముందే ఈ 63 మ్యాచ్‌ల్లో ఎవరు గెలుస్తారో రాసేయాలి. ఒక్కసారి టైం అయిపోయాక మార్చుకునే చాన్సే లేదు. మీరు కప్పు కొడుతుందని రాసిన జట్టు మొదటి రోజే ఓడిపోతే? ఇక మూడు వారాలు మౌనంగా కూర్చుని, గ్రూపులో సెటైర్లు చదువుకోవడమే!

పాయింట్ల లెక్క ఇదీ..

ఎక్కువ మంది వాడే ఈఎస్‌పీఎన్ పద్ధతిలో తొలి రౌండ్‌లో ఒక్కో కరెక్ట్ అంచనాకు 10 పాయింట్లు. తర్వాతి రౌండ్లలో అది 20, 40, 80, 160 అవుతుంది. విజేతను సరిగ్గా చెబితే 320. ప్రతి రౌండ్‌కూ మొత్తం 320 పాయింట్లే. అలా ఆరు రౌండ్లకు కలిపి 1,920.

ఇందులో ఓ కిటుకుంది. కప్పు కొట్టే జట్టును కరెక్ట్‌గా పట్టుకుంటే ఆ ఒక్క జట్టు దారిలోనే 10, 20, 40, 80, 160, 320.. అంటే 630 పాయింట్లు వస్తాయి. మొత్తంలో దాదాపు మూడో వంతు! అందుకే తొలి రౌండ్‌లో 24 కరెక్ట్ కొట్టినవాడు చివర్లో వెనకబడొచ్చు. 18 మాత్రమే కొట్టినా విజేతను సరిగ్గా రాసినోడు పైకి రావచ్చు.

కొత్తవాళ్లు ఎక్కువగా ఉన్న గ్రూపు అయితే 1, 2, 3, 4, 5, 6 పాయింట్ల పద్ధతి పెట్టుకోవడం మేలు. ఇందులో మొత్తం 120 పాయింట్లు. విజేత జట్టు దారిలో వచ్చేది 21 మాత్రమే. దీంతో పోటీ చివరిదాకా టైట్‌గా నడుస్తుంది. ఇద్దరికీ సమానంగా వస్తే? ఫైనల్‌లో రెండు జట్లు కలిపి ఎన్ని పాయింట్లు కొడతాయో ముందే రాయించుకోవాలి. దగ్గరగా ఉన్నవాళ్లే విన్నర్.

అన్నీ కరెక్ట్ కొట్టడం సాధ్యమేనా?

ఒక్క ముక్కలో చెప్పాలంటే దాదాపు అసాధ్యం. 63 మ్యాచ్‌లకు బొమ్మా బొరుసూ వేసుకుంటూ పోతే వచ్చే రకరకాల బ్రాకెట్ల సంఖ్య సుమారు 92 వేల కోట్ల కోట్లు. దేశంలోని 140 కోట్ల మందీ సెకనుకు ఒకటి చొప్పున నింపుకుంటూ పోయినా అవన్నీ పూర్తవ్వడానికి 200 ఏళ్లు దాటుతుంది!

2014లో వారెన్ బఫెట్ మద్దతుతో ఒక కంపెనీ ఏకంగా వంద కోట్ల డాలర్ల ఆఫర్ పెట్టింది. అన్నీ కరెక్ట్ చెప్పినోళ్లకే ఆ డబ్బు అంది. ఒక్కరికీ రాలేదు. 2019లో ఒహాయోకు చెందిన ఓ వ్యక్తి మాత్రం వరుసగా తొలి 49 మ్యాచ్‌లు కరెక్ట్‌గా చెప్పి వార్తల్లోకెక్కాడు. 50వ మ్యాచ్‌లో బోల్తా కొట్టాడు. అమెరికా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు బరాక్ ఒబామా కూడా ఏటా టీవీలో బ్రాకెట్ నింపేవారు. 2009లో ఆయన చెప్పిన నార్త్ కరోలినానే కప్పు కొట్టింది.

చిన్న జట్లు పెద్ద షాక్ ఇచ్చిన రోజులు

1985 నుంచి 2025 వరకు ఒకటో సీడ్, 16వ సీడ్ మధ్య 160 మ్యాచ్‌లు జరిగితే, 16వ సీడ్ గెలిచింది రెండుసార్లే. 2018లో వర్జీనియాను యూఎంబీసీ 74-54తో చిత్తు చేసింది. మేరీల్యాండ్‌లోని ఈ యూనివర్సిటీకి ఎంఎస్ కోసం మన తెలుగు పిల్లలూ వెళ్తుంటారు. మళ్లీ 2023లో పర్డ్యూను ఫెయిర్లీ డికిన్సన్ 63-58తో ఇంటికి పంపింది. ఇక్కడ ట్విస్ట్ ఏంటంటే.. 2018లో పరువు పోగొట్టుకున్న అదే వర్జీనియా 2019లో కప్పు ఎత్తింది!

తెలుగు విద్యార్థులు బాగానే కనిపించే నార్త్ టెక్సస్ యూనివర్సిటీది మరో ముచ్చట. 2021లో 13వ సీడ్‌గా వచ్చి నాలుగో సీడ్ పర్డ్యూను ఓవర్‌టైంలో ఓడించింది. ఇక యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ అయితే 2025లో ఫైనల్ దాకా వెళ్లి, ఫ్లోరిడా చేతిలో 65-63తో గుండె పగిలే ఓటమి చూసింది. ‘మావాడు చదివే కాలేజీ’ అని రాసుకున్నోళ్లకు ఆ రెండు పాయింట్లు ఎంత బాధపెట్టి ఉంటాయో చెప్పక్కర్లేదు.

మరి కొత్తోళ్లు ఏం చేయాలి? ఈ లెక్కలు గుర్తుపెట్టుకోండి. తొలి రౌండ్‌లో ఒకటో సీడ్లను కళ్లు మూసుకుని రాసేయొచ్చు. కప్పు కొట్టిన జట్లలో అన్నింటికన్నా కింది సీడ్ 8. అది 1985లో విల్లనోవా. 11వ సీడ్ జట్లు సెమీస్ దాకా ఆరుసార్లు వచ్చినా ఒక్కటీ ఫైనల్ గడప తొక్కలేదు. కాబట్టి సంచలనాలు తొలి రెండు రౌండ్లలో రాయండి. చివర్లో మాత్రం గట్టి జట్లనే నమ్ముకోండి. పది మంది గ్రూపు అయితే ఫేవరెట్ జట్టే సేఫ్. వంద మంది ఉంటే అందరూ రాసే జట్టు కాకుండా రెండో బెస్ట్‌ను ఎంచుకుంటేనే ముందుకొచ్చే చాన్స్.

మన టైం ప్రకారం ఎప్పుడు చూడాలి?

టోర్నీ టైంకి అమెరికా తూర్పు తీరానికీ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు. అక్కడ మధ్యాహ్నం 12 దాటాక మొదలయ్యే మ్యాచ్‌లు మనకు రాత్రి 9.30 తర్వాత వస్తాయి. అక్కడ రాత్రి 10 గంటల మ్యాచ్ మనకు పొద్దున 7.30కి. ఫైనల్ అక్కడ సోమవారం రాత్రి అయితే, మనకు మంగళవారం పొద్దున. 2025 ఫైనల్ మన టైంలో ఉదయం 6.20 ప్రాంతంలో మొదలైంది. అంటే ఉగ్గాని, బజ్జి తినే టైంకి కప్పు ఎవరిదో తేలిపోతుందన్నమాట. నిద్ర మానుకోవాల్సిన పనిలేదు. టోర్నీ అధికారిక యూట్యూబ్ ఛానల్‌లో హైలైట్స్ వచ్చేస్తాయి. ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ పరీక్షలున్న పిల్లలు రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చోవద్దు.

అమ్మాయిల టోర్నీనీ మర్చిపోవద్దు

మహిళల ఎన్‌సీఏఏ టోర్నీ 1982లో మొదలైంది. ఇందులోనూ 68 జట్లే, బ్రాకెట్ కూడా ఇదే పద్ధతి. మ్యాచ్ మాత్రం మన దగ్గరిలాగే నాలుగు క్వార్టర్లు. 2024లో సౌత్ కరోలినా, అయోవా ఫైనల్‌ను అమెరికాలో సగటున కోటీ 80 లక్షల మందికి పైగా చూశారు. ఆ ఏడాది పురుషుల ఫైనల్ కన్నా ఇదే ఎక్కువ. అయోవా తరఫున ఆడిన కైట్లిన్ క్లార్క్ క్రేజ్ అలాంటిది. ఒకే గ్రూపులో రెండు బ్రాకెట్లూ పెట్టుకుంటే మజా డబుల్.

డబ్బులు పెడితే ఏమవుతుంది?

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. అమెరికాలో ఆఫీసుల్లో తలా ఇంత వేసుకుని ఆడే అలవాటు ఉంది. కానీ అది ఎంత దూరం వెళ్తుందో చూడండి. వాషింగ్టన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ రిక్ న్యూహైజెల్ ఇలాంటి బాస్కెట్‌బాల్ పూల్‌లో డబ్బు పెట్టిన వివాదంలో 2003లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. తర్వాత కోర్టుకెక్కి, 2005లో 45 లక్షల డాలర్లకు సెటిల్ చేసుకున్నారనుకోండి. ఆటగాళ్లు, కోచ్‌లు, అథ్లెటిక్ విభాగం సిబ్బంది పందెం కాయడం ఎన్‌సీఏఏ రూల్స్‌కు విరుద్ధం. ఆ విభాగాల్లో పార్ట్‌టైం చేసే మన పిల్లలు డబ్బున్న పూల్‌లో చేరేముందు అక్కడి ఆఫీసులో కనుక్కోవడం మంచిది.

ఇక మన రాష్ట్రం సంగతి. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ బెట్టింగ్‌పై నిషేధం తెచ్చారు. ఆపై ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఇలాంటి ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు ఫైన్ పడొచ్చు.

అందుకే గ్రూపులో ఎవరైనా ‘ఊరికే ఎందుకప్పా, తలా వంద వేద్దాం’ అంటే అక్కడే ఆపేయండి. వంద కాస్తా వెయ్యి అవుతుంది. పోయింది రాబట్టుకోవాలని ఇంకో యాప్, ఆ తర్వాత అప్పు.. ఇదే దారి. తెలియని నంబర్ నుంచి ‘ఫ్రీ బ్రాకెట్’ లింకు వచ్చి, యూపీఐ పిన్, ఆధార్, ఓటీపీ అడిగితే అది మోసమేనని తెలుసుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలి. పందేలు మానుకోలేక మనసు పాడైతే టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. సిగ్గుపడకుండా మాట్లాడండి.

మన గ్రూపు పెట్టుకోండిలా..

1. డబ్బు ఊసే ఉండదని మొదటి మెసేజ్‌లోనే రాసేయండి.

2. పాయింట్ల పద్ధతి, సమానమైతే ఏం చేయాలి, చివరి టైం ఎప్పుడు అన్నది ముందే చెప్పండి. మధ్యలో రూల్ మార్చారంటే గొడవే.

3. బ్రాకెట్ స్క్రీన్‌షాట్ అందరూ గ్రూపులో పెట్టాలి. ‘నేను ముందే చెప్పినా’ అనే మాట రాకుండా ఉంటుంది.

4. ప్రతి రౌండ్ అయ్యాక ఒకరే స్కోర్ పట్టిక పోస్ట్ చేయాలి.

5. గెలిచినోళ్లే అందరికీ టీ ఇప్పించాలని పెట్టుకోండి. అప్పుడు డబ్బు కోసం ఆడేవాళ్లు ఎవరూ ఉండరు!

మన కాలేజీ టోర్నీలకూ ఇదే పద్ధతి

ఈ సరదా అమెరికా జట్లకే ఎందుకు? మన దగ్గర యూనివర్సిటీల మధ్య జోన్ల వారీగా బాస్కెట్‌బాల్ పోటీలు జరుగుతాయి. ముందు నిలిచిన జట్లు ఆలిండియా పోటీలకు వెళ్తాయి. 2020లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లోనూ ఈ ఆట ఉంది. నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల మధ్య 8 జట్ల నాకౌట్ పెట్టినా సరిపోతుంది. 7 మ్యాచ్‌లే. వచ్చే రకరకాల బ్రాకెట్లు 128 మాత్రమే. అంటే అన్నీ కరెక్ట్ కొట్టేవాళ్లు ఇక్కడ నిజంగానే దొరకొచ్చు. క్వార్టర్స్‌కు 1, సెమీస్‌కు 2, ఫైనల్‌కు 4 పాయింట్లు ఇస్తే మొత్తం 12.

దీనివల్ల లాభం ఏంటంటారా? సాధారణంగా కాలేజీ మ్యాచ్‌కు ఆడే పిల్లలు, వాళ్ల ఫ్రెండ్స్ తప్ప ఎవరూ రారు. అదే బ్రాకెట్ నింపినోళ్లయితే తమ అంచనా ఏమైందో చూడ్డానికైనా గ్రౌండ్‌కు వస్తారు. ఆడే అమ్మాయికి, అబ్బాయికి చప్పట్లు కొట్టే నలుగురు ఎక్కువవుతారు. డల్లాస్‌లో ఉన్న అన్నకు ఈసారి లింకు ఇక్కడి నుంచే పంపొచ్చు.