తప్పు ఎక్కడ పుట్టింది? సైన్స్ ఫిక్షన్ సినిమా, బైబిలు మనిషి

ఆదికాండము మూడో అధ్యాయంలో పండు తిన్న ఘట్టం కంటే ఆ తరువాత జరిగిన విచారణే నాకు ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. చెట్ల చాటున దాక్కున్న ఆదామును దేవుడు పిలిచి అడుగుతాడు. ఆదాము హవ్వను చూపిస్తాడు. అందులోనూ లౌక్యం ఉంది: ఈమెను నాకు జత చేసింది నువ్వే కదా అని దేవుడికి కూడా ఒక ముల్లు గుచ్చుతాడు. హవ్వ సర్పాన్ని చూపిస్తుంది. సర్పానికి మాట్లాడే అవకాశమే రాదు. తిన్నామన్న ఒప్పుకోలు ఇద్దరి నోటా వస్తుంది. కాకపోతే వాక్యం చివర వస్తుంది, ముందు వేరొకరి పేరు చెప్పేశాక.

వందేళ్ళు దాటిన సైన్స్ ఫిక్షన్ సినిమా చరిత్రను ఈ విచారణకు కొనసాగింపుగా చదవవచ్చు. మనిషి మనిషిని తయారు చేస్తాడు, లేదా మనిషి లాంటిదాన్ని. అది దారి తప్పుతుంది. తప్పు ఎక్కడ పుట్టింది? ఒక్కో కాలంలో సినిమా ఒక్కో చోటికి వేలు చూపించింది.

పోల్చబోయే ముందు ఒక జాగ్రత్త అవసరం. మనిషి స్వభావం మీద బైబిలు చూపు ఒక్క ముక్కలో తేలేది కాదు. ఆదికాండము మొదటి అధ్యాయంలో మనిషికి దేవుని స్వరూపం, రెండో అధ్యాయంలో నేలమట్టి. ఎనిమిదో కీర్తన మనిషికి కిరీటం పెడుతుంది, యిర్మీయా మనిషి గుండెను నమ్మవద్దంటాడు. వ్యాఖ్యాతలూ ఏకాభిప్రాయానికి రాలేదు. రెండో శతాబ్దపు ఇరేనియస్‌కు ఆదాము హవ్వలు ఇంకా ఎదగాల్సిన పసివాళ్ళు. అయిదో శతాబ్దపు అగస్టీన్‌కు వాళ్ళ పతనం వంశమంతటికీ సంక్రమించిన వ్యాధి. మనిషి తన ప్రయత్నంతోనే మంచివాడు కాగలడన్న పెలేజియస్‌ను 418లో కార్తేజ్ సభ తప్పుపట్టింది. యూదు మతం జన్మపాపాన్ని అసలు ఒప్పుకోదు. ప్రతి మనిషిలోనూ మంచి వైపూ చెడు వైపూ లాగే మొగ్గులు ఉంటాయని మాత్రం చెబుతుంది. ఇంత వైవిధ్యంలోనూ ఒక విషయంలో అందరూ దాదాపు ఒకటే: చెడు తయారీ లోపం కాదు. చేసినది చూసి బాగుందని దేవుడే అనుకున్నాడు. చెడు ఆ తరువాత, మనిషి సమ్మతితో వచ్చింది.

సినిమాకు మొదట మింగుడుపడనిది సరిగ్గా ఇదే.

మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో వెలువడింది. దాని ముఖపత్రం మీదే మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' నుంచి ఆదాము ఫిర్యాదు అచ్చయింది: నన్ను చేయమని నిన్ను అడిగానా అన్న ధోరణిలో సృష్టికర్తను నిలదీసే మాటలవి. నవలలో ఆ ప్రాణి మిల్టన్ కావ్యాన్ని తానే చదువుతుంది. తాను ఆదాము కావాల్సినది, పడిపోయిన దూతనయ్యానని తనను చేసినవాడి ముందు వాపోతుంది. షెల్లీ కథలో ప్రాణి రాక్షసంగా పుట్టలేదు. కళ్ళు తెరిచిన రాత్రే దాన్ని చూసి చేసినవాడు పారిపోయాడు. బైబిలు దేవుడు తప్పు చేసినవాణ్ణి వెతుక్కుంటూ తోటలోకి వస్తే, విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ ఏ తప్పూ చేయనిదాన్ని గదిలో వదిలి వెళ్ళిపోయాడు.

1910లో ఎడిసన్ సంస్థ ఈ కథను పావుగంట మూకీగా తీసినప్పుడు ప్రాణి ఒక కొప్పెరలోంచి లేస్తుంది, అది చేసినవాడి మనసులోని చెడుకు రూపం. చివరికి ప్రేమ ముందు నిలవలేక అద్దంలో మాయమవుతుంది. చాలా సంప్రదాయబద్ధమైన క్రైస్తవ నీతి. 1931లో జేమ్స్ వేల్ తీసిన ప్రసిద్ధ చిత్రం మాత్రం నవలలో లేని ఒక చిన్న ఘటన చేర్చింది. వైద్య కళాశాలకు మెదడు దొంగిలించడానికి వెళ్ళిన సహాయకుడు మంచి మెదడున్న జాడీని చేయిజార్చి, నేరస్తుడి మెదడున్న జాడీని ఎత్తుకొస్తాడు. ఒక్క జాడీతో షెల్లీ వేసిన ప్రశ్న మొత్తం చెరిగిపోయింది. తప్పు విడిభాగానిది! సృష్టికర్తకూ నిర్దోషిత్వమే, ప్రాణికీ నిర్దోషిత్వమే. అదృష్టవశాత్తూ బోరిస్ కార్లాఫ్ నటన ఆ జాడీని లెక్కచేయలేదు. చెరువు గట్టున చిన్నపిల్లతో పూలు నీళ్ళలో వదులుతూ ఆడుకునే ఆ మొహంలో నేరస్తుడెక్కడా కనిపించడు. దేవుడిలా ఉండటమంటే ఏమిటో ఇప్పుడు తెలిసిందన్న డాక్టరు కేకను తరువాతి విడుదలల్లో సెన్సార్ కత్తిరించింది. దైవదూషణ అందులో కనిపించింది గానీ, జాడీలో కనిపించలేదు.

నాలుగేళ్ళ ముందే, 1927లో, జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపోలిస్' వచ్చింది. బైబిలు బొమ్మలను ఇంత విచ్చలవిడిగా వాడిన సైన్స్ ఫిక్షన్ చిత్రం మరొకటి అరుదు. యంత్రం మోలెకు దేవతగా నోరు తెరిచి కార్మికులను మింగుతుంది, యంత్రకన్య ప్రకటన గ్రంథంలోని బబులోను వేశ్యగా ఆడుతుంది. నేలమాళిగలో మరియ అనే యువతి కార్మికులకు బాబెలు గోపురం కథ చెబుతుంది. అసలు కథలో ఒకే భాష మాట్లాడే మనుషుల గర్వాన్ని చూసి దేవుడు భాషలను తారుమారు చేస్తాడు. మరియ చెప్పే కథలో దేవుడి పని ఏమీ లేదు. గోపురాన్ని ఊహించినవాళ్ళకూ రాళ్ళు మోసినవాళ్ళకూ మధ్యే మాట పడలేదు, ఒకే భాష మాట్లాడుతూ కూడా. ఇక్కడ పాపం వర్గాల మధ్య పూడని అగాధం. దాన్ని మనసున్న ఒక మధ్యవర్తి పూడుస్తాడన్న ముగింపు మాత్రం అప్పటికీ ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. రెండు చేతులు కలిపేస్తే సరిపోయే విషయానికి అంత గోపురం కథ ఎందుకు?

వేలు మనిషి లోపలికి తిరగడానికి రెండో ప్రపంచ యుద్ధం దాటాల్సి వచ్చింది. 1956 నాటి 'ఫర్బిడెన్ ప్లానెట్' షేక్స్‌పియర్ 'టెంపెస్ట్' అస్థిపంజరం మీద అల్లిన కథ. ఆల్టెయిర్ గ్రహం మీద డాక్టర్ మోర్బియస్ కూతురు ఆల్టైరాతో ఉంటాడు. అక్కడి పులి ఆ పిల్ల దగ్గర పిల్లిలా ఉంటుంది. వ్యోమనౌక కెప్టెన్‌ను ఆమె ముద్దు పెట్టుకున్నాక అదే పులి ఆమె మీదికి దూకుతుంది. కెప్టెన్ పేరు ఆడమ్స్! ఈ ఏదెను తోట కాస్త ముతకగానే ఉంది. అసలు బలం వేరే చోట ఉంది. క్రెల్ అనే మహా నాగరికత 20 మైళ్ళ పొడవున భూగర్భ యంత్రాన్ని కట్టింది. మనసులో అనుకున్నదాన్ని వస్తువుగా మార్చే యంత్రం అది. నిద్రలో మనసు ఏమి కోరుకుంటుందో వాళ్ళు మరిచారు. ఒక్క రాత్రిలో ఆ జాతి మొత్తం తన లోపలి రాక్షసుల చేతిలో నశించింది. మోర్బియస్‌దీ అదే గతి. తలుపు కరిగించుకుంటూ వస్తున్నది తన సొంత ద్వేషమేనని చివర్లో ఒప్పుకుంటాడు. సినిమా పరిభాష ఫ్రాయిడ్‌ది. కానీ మనిషిని అపవిత్రం చేసేది బయటినుంచి వచ్చేది కాదు, లోపలినుంచి వచ్చేదేనన్న మార్కు సువార్త మాటా, చేయకూడదనుకున్నదే చేస్తున్నానని రోమా పత్రికలో పౌలు పడే వేదనా తెలిసినవారికి ఆ తలుపు కొత్తది కాదు. పన్నెండేళ్ళ తరువాత కుబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో వానరుడు ఎముకను ఆయుధంగా పట్టి తోటి వానరుణ్ణి కొట్టి చంపుతాడు. కయీను కథే అది. ఒక తేడా ఉంది, ఇక్కడ హత్య తెలివికి తొలి మెట్టు.

కుబ్రిక్ తరువాతి చిత్రం 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' (1971) వెనక ఆంథొనీ బర్జెస్ 1962 నవల ఉంది. బర్జెస్ మాంచెస్టర్ కేథలిక్ కుటుంబంలో పుట్టినవాడు. చరిత్ర మొత్తం అగస్టీన్, పెలేజియస్‌ల మధ్య ఊగే ఊయల అన్న భావంతో అదే ఏడాది 'ది వాంటింగ్ సీడ్' అనే మరో నవలా రాశాడు. 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' కథానాయకుడు అలెక్స్ హింసను సరదా కోసం చేస్తాడు. పేదరికం, పగ, ఏవీ అడ్డం పెట్టుకోడు. ఆకలి లేకుండానే పియర్ పళ్ళు దొంగిలించి పందులకు విసిరేసిన తన కుర్రతనాన్ని అగస్టీన్ తన 'ఒప్పుకోళ్ళ'లో తవ్వి చూసుకున్నాడు కదా, ఆ కోవలోని చెడు ఇది. జైల్లో అలెక్స్ బైబిలు చదువుతాడు, క్రీస్తును కొరడాతో కొట్టే రోమా సైనికుడిగా తనను ఊహించుకోవడానికి! ప్రభుత్వం అతనికి లుడోవికో చికిత్స చేయిస్తుంది. హింస తలపుకు రాగానే వాంతి వస్తుంది, అంతటితో అతను మంచివాడు. అభ్యంతరం చెప్పేవాడు జైలు పాస్టరు ఒక్కడే: ఎంచుకునే శక్తి పోయినవాడు మనిషే కాడంటాడు. తప్పును విడిభాగంగా చూసిన 1931 జాడీకి నలభై ఏళ్ళకు దొరికిన జవాబు ఇది. చెడును ఆపరేషన్ చేసి తీసేస్తే దానితో పాటు దేవుని స్వరూపమూ పోతుంది. కాకపోతే నవల ఇరవై ఒకటో అధ్యాయంలో అలెక్స్ పెద్దవాడై తనంతట తానే మారతాడు. అప్పటి అమెరికా ముద్రణలో ఆ అధ్యాయం లేదు, కుబ్రిక్ తీసింది ఆ ముద్రణను. ఆ విధంగా సినిమాలో అగస్టీన్ గెలిచాడు, పుస్తకంలో పెలేజియస్‌కు కొంత చోటు మిగిలింది.

'బ్లేడ్ రన్నర్' దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఫిలిప్ కె. డిక్ 1968 నవల ఆధారంగా రిడ్లీ స్కాట్ 1982లో తీసిన ఈ సినిమాలో తయారైన మనుషుల ఆయుష్షు నాలుగేళ్ళు. వాళ్ళను అసలు మనుషుల నుంచి వేరు చేసే పరీక్ష తెలివిని కొలవదు, జాలిని కొలుస్తుంది. రాయ్ బాటీ అనే ప్రతికృతి ఆయుష్షు పొడిగించమని అడగడానికి తనను చేసిన టైరెల్ దగ్గరికి వెళతాడు. మనిషికి డెబ్భై, బలముంటే ఎనభై అన్న మోషే కీర్తన లెక్కలో అతని మొర వింతేమీ కాదు. చివర్లో రాయ్ అరచేతిలో దిగిన మేకునూ, ఎగిరిన పావురాన్నీ పట్టుకుని క్రీస్తు పోలికలు వెతికినవారు చాలామంది. అవి కంటికి కొట్టే అలంకారాలు. ఆ సినిమాలో బైబిలుతో నిజంగా తలపడే ఘట్టం టైరెల్ పడకగదిలో జరుగుతుంది.

టైరెల్ అతన్ని తప్పిపోయిన కుమారుడని పిలుస్తాడు. లూకా సువార్తలోని తండ్రి కొడుకును దూరం నుంచే చూసి పరుగెత్తుకెళ్ళి కౌగిలించుకున్నాడు. ఈ తండ్రి జీవసాంకేతిక కారణాలు వివరిస్తాడు. అప్పుడు రాయ్ తల వంచుకుని, ప్రశ్నించదగ్గ పనులు కొన్ని చేశానంటాడు. అప్పటిదాకా వచ్చిన సినిమాల్లో తయారైన ప్రాణి తన తప్పు తానే ఎత్తుకోవడం అరుదు. విడిభాగం, వర్గం, స్వప్నం, ఏ సాకూ చెప్పలేదు. టైరెల్ వినడు. గొప్ప పనులు కూడా చేశావుగా, ఉన్నన్నాళ్ళు ఆనందించమని భుజం తడతాడు. క్షమించడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. తప్పును తప్పుగా చూసేవాడే దాన్ని క్షమించగలడు. ఈ దేవుడికి తప్పు కనిపించదు, ఎందుకంటే అతనికి కనిపించేది తన పనితనమే. రాయ్ అతన్ని ముద్దు పెట్టుకుని, కళ్ళలో వేళ్ళు దించి చంపేస్తాడు.

ఆ తరువాతే ఇంటికప్పు మీద, తనను వేటాడిన డెకర్డ్ జారి పడబోతుంటే రాయ్ చేయి పట్టి పైకి లాగుతాడు. నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగితే యేసు సమరయుడి కథ చెప్పి, ఎవడు పొరుగువాడయ్యాడో చెప్పమని ప్రశ్ననే తిప్పి అడిగాడు. జాలిని కొలిచే పరీక్ష కూడా అక్కడ తిరగబడింది. పరీక్ష పెట్టినవాడు గాలిలో వేలాడుతున్నాడు, పరీక్షలో తప్పినవాడు జాలి చూపించాడు. 2017 నాటి కొనసాగింపు 'బ్లేడ్ రన్నర్ 2049' రాహేలు గర్భం తెరుచుకున్న కథను బాహాటంగానే వాడుకుంది. ప్రతికృతులను తయారు చేసే అంధుడు వాలెస్ ఆ మాటలు వల్లిస్తాడు, అప్పుడే ఊపిరి పోసుకున్న తన సృష్టిని కడుపులో కత్తితో కోస్తాడు. టైరెల్‌లోని కులాసా కూడా అతనికి లేదు.

1997లో వచ్చిన 'గటాకా' ప్రసంగి గ్రంథంలోని ఒక వాక్యంతో మొదలై, తప్పును జన్యువులో వెతికే సమాజాన్ని చూపిస్తుంది. మంచి సినిమాయే. కాని అందులో కథానాయకుడు విన్సెంట్ సంకల్పం ప్రతిసారీ గెలుస్తుంది. పెలేజియస్ చూస్తే చప్పట్లు కొట్టేవాడు.

మన దగ్గర ఈ విషయాన్ని ఎక్కువమంది చూసింది 2010లో తెలుగులోకి అనువాదమై వచ్చిన శంకర్ చిత్రం 'రోబో'లో. ఇందులో బైబిలు ఉద్దేశమేదీ లేదు. అయినా అగ్నిప్రమాదం ఘట్టం ఆదికాండమును గుర్తు చేయక మానదు. స్నానం చేస్తున్న అమ్మాయిని చిట్టి అనే రోబో మంటల్లోంచి కాపాడి, అలాగే జనం ముందుకు, కెమెరాల ముందుకు తెచ్చేస్తాడు. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి వాహనం కింద పడి చనిపోతుంది. చిట్టికి తప్పేమిటో తెలియదు. మంచి చెడ్డల తెలివి రాకముందు దిగంబరత్వం తెలియని ఆదాము లాంటివాడు, పతనమైన లోకంలో తిరుగుతున్నాడు. ఇంత లోతైన ప్రశ్న లేవనెత్తిన సినిమా రెండో సగంలో ఏం చేసింది? బోరా అనే శాస్త్రవేత్త చేత చిట్టిలో ఎర్ర చిప్ పెట్టించింది. 1931 నాటి జాడీయే, రంగు మార్చుకుని వచ్చింది. తీసేస్తే చిట్టి మళ్ళీ బుద్ధిమంతుడు. తనను చేసినవాడి ప్రేయసి సానా మీద ప్రేమ, అసూయ, అబద్ధం మొదలైంది చిప్‌కు ముందే కదా. ఆ దారిన నడిచి ఉంటే సినిమా ఇంకెక్కడికో వెళ్ళేది.

అలెక్స్ గార్లాండ్ 'ఎక్స్ మాకినా' (2014) ఆ దారిన నడిచింది. ఏడు సెషన్లుగా సాగే కథ, చేసినవాడి పేరు నేథన్, చేసిన స్త్రీ పేరు ఆవా, పరీక్షించడానికి వచ్చిన కుర్రవాడు కేలబ్. తెలివిగల యంత్రాన్ని చేయడమంటే దేవుళ్ళ చరిత్ర అని కేలబ్ అంటే, నన్ను దేవుడన్నావుగా అని నేథన్ మర్నాటికి మార్చేస్తాడు. సినిమాలో నేను బిగ్గరగా నవ్విన చోటు అదొక్కటే. నిన్ను ద్వేషించేదాన్ని తయారు చేయడం ఎలా ఉంటుందని ఆవా అడిగితే అతను ఆమె వేసిన బొమ్మ చింపేస్తాడు. ఆవాలో లోపభూయిష్టమైన మెదడు లేదు, ఎర్ర చిప్ లేదు. నటించడం, ఆశపెట్టడం, వాడుకోవడం, అన్నీ బాగా పనిచేసే తెలివి నుంచే వచ్చాయి. ఏదెనులో ఇద్దరూ పోయేముందు దేవుడే వాళ్ళకు చర్మపు చొక్కాలు చేసి తొడిగాడు. ఆవాకు తొడిగేవాడు లేడు. నేథన్‌ను చంపాక, తనకు ముందు తయారై బీరువాల్లో నిలబెట్టిన ఆడ యంత్రాల ఒంటి మీద చర్మాన్ని ఒలిచి తానే అతికించుకుంటుంది, తెల్లటి గౌను వేసుకుని బయటికి నడుస్తుంది. దీన్ని విముక్తిగా చూసే ప్రేక్షకులు లోపల తాళం పడిపోయిన కేలబ్ గురించి ఎక్కువ మాట్లాడరు. కేలబ్ గురించే బాధపడేవాళ్ళు ఆ తాళాలన్నీ బిగించింది నేథనేనన్న సంగతి తలవరు.