తబాదలా నుంచి రీలొకేషన్ దాకా

గత జనవరిలో నుమాయిష్‌కి వెళ్తే మిర్చీ బజ్జీల దుకాణం దగ్గర ఒకమ్మాయి "నమస్తే సార్, గుర్తుపట్టారా?" అని ఆపింది. మన బడిలో నా దగ్గర పదో తరగతి సోషల్ చదువుకున్న పిల్ల. పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందట. మొదట సింగపూర్, ఆ తర్వాత ఎక్కడ పని పడితే అక్కడికి. "ఊళ్ళు చూడొచ్చని ఆశగా ఉంది సార్. కానీ రాత్రీ పగలూ పనే అంటున్నారు. అమ్మ ఒక్కతే అయిపోతుంది. మీరేమంటారు?"

చరిత్ర మాస్టార్ని ఉద్యోగం సంగతి అడిగితే చరిత్రే చెబుతాడు. ఆ రోజు బజ్జీలు చల్లారేలోగా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆమె నిలబడి అడిగిన చోటు నుంచి నాంపల్లి స్టేషను నాలుగడుగులు. 1907లో కట్టిన స్టేషను అది. మన పేటల్లో ఊరు వదిలే ఉద్యోగం మొదట రైలుతోనే వచ్చింది. ఎక్కడ వేస్తే అక్కడికి పోవాలి, బదులుగా పాసు మీద ఇంటిల్లిపాదీ తిరిగి రావచ్చు. నిజాం కాలపు దఫ్తర్లలో దీన్ని 'తబాదలా' అనేవారు. మన 'బదిలీ'దీ అదే అరబ్బీ మూలం. మాట ఏదైనా, వినగానే ఇంట్లో ఆడవాళ్ళ ముఖం వాడిపోయేది.

అసలు కథ గన్‌ఫౌండ్రీది. 1941లో చట్టం చేసి, 1942 ఏప్రిల్‌లో అక్కడ హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తెరిచారు. ఉస్మానియా సిక్కా వ్యవహారం కూడా దానికే అప్పగించారు. అప్పటి హైదరాబాద్ రాష్ట్రానికి 16 జిల్లాలు: తెలంగాణవి 8, మరఠ్వాడావి 5, కన్నడ జిల్లాలు 3. 1956లో రాష్ట్రం మూడు ముక్కలైంది. బ్యాంకు మాత్రం స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా పేరు మార్చుకుని, ఆ పాత పటాన్ని వదల్లేదు. అందుకే ఆబిడ్స్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు ఆఫీసరు కాగానే పర్భణీలోనో రాయచూరులోనో తేలేవాడు. నాందేడుకైతే నాంపల్లి కాదు, కాచిగూడ వెళ్ళి మీటర్ గేజ్ బండి ఎక్కాలి. అలా వెళ్ళినవాళ్ళు రెండు మూడేళ్ళుండి, మరాఠీ నేర్చుకుని, జొన్న భాకరీ అలవాటు చేసుకుని వచ్చేవారు. 2017 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది.

1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాక కొలువులూ పెరిగాయి, బదిలీల దూరమూ పెరిగింది. గుమాస్తాగా ఉంటే ఉన్న ఊళ్ళోనే గడుస్తుంది, ప్రమోషన్ తీసుకుంటే దేశమంతా ఊరే. చాలామంది ప్రమోషనే వద్దన్నారు. మా నాన్న ఆ కోవలోవాడే. ఒక బ్యాంకులో గుమాస్తా. మూడుసార్లు పరీక్ష రాయకుండా ఊరుకున్నాడు. మూడోసారి మా పెద్దనాన్న ఇంటికొచ్చి కేకలేశాడు. నాన్న ఒక్కటే అన్నాడు: "పిల్లలకి బడి కుదిరిందన్నా."

ఆ బడి మన బడే. అది చిన్న విషయం కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తన చేతికింద పని నేర్చుకున్న కుర్రాళ్ళు మేనేజర్లై వస్తే నాన్న వాళ్ళకి 'సార్' అన్నాడు. ఎల్.టి.సి. మీద ఒక్కసారి కన్యాకుమారి చూశాడు, అంతే. కానీ ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి వెతికి రైల్వే టైంటేబుళ్ళు కొనేవాడు. ఎక్కని బళ్ళ వేళలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఆయన చింతించాడా లేదా అని నేనెప్పుడూ అడగలేదు.

తర్వాత కంప్యూటర్ల కాలం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమెరికా హెచ్-1బి వీసాల పరిమితిని 2001 నుంచి మూడేళ్ళపాటు ఏటా 1,95,000కి పెంచింది. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు తెరిచేదాకా వీసా ఇంటర్వ్యూకి మద్రాసు పోవాల్సిందే. సాయంత్రం నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కే కుర్రాళ్ళ చేతుల్లో ఫైళ్ళు, వెనక కుంకుమ బొట్లతో అమ్మలు! నా తరగతుల పిల్లల్ని కొందరిని అక్కడే సాగనంపాను.

ఇక్కడొక మలుపు చూడండి. మా నాన్న కాలంలో ఊరు వదలడం ఉద్యోగంలోని కష్టం. పాసూ, ఎల్.టి.సి. ఆ కష్టానికి కట్టిన నష్టపరిహారం లాంటివి. ఇప్పుడు ఆ కష్టాన్నే 'అవకాశం' అని ఆఫర్ లెటరులో పైన రాస్తున్నారు. బ్యాంకు ఆఫీసరుకి నాందేడులో మూడేళ్ళు దొరికేవి. ఈ పిల్లకి ఊరికి మూడు రోజులు, అవీ మీటింగు గదుల్లో. అలాగని వెళ్ళొద్దని నేననను. వెళ్ళనివాళ్ళ ఇంట్లో పెరిగినవాణ్ణి, ఆ టైంటేబుళ్ళ బరువు నాకు తెలుసు. అడగాల్సినవి మాత్రం అడగమన్నాను: సెలవులు ఎన్ని, అమ్మని తీసుకెళ్ళడానికి వీలుందా, రెండేళ్ళకి తిరిగొస్తానంటే కుర్చీ ఉంటుందా అని.

ఆమె చేరింది. మొన్న ఫోను చేసి "నాలుగు దేశాలు వెళ్ళాను సార్, ఒక్క సింగపూరే చూశాను" అని నవ్వింది. వాళ్ళమ్మగారికి మొన్ననే మొదటి పాస్‌పోర్టు వచ్చింది. వచ్చే నెల ప్రయాణం.