ఆఖరి ఎపిసోడ్ అయిపోయింది.. ఇప్పుడేం చూడాలి?

ఇంజినీరింగ్ సెకండియర్‌లో, అంటే 2015లో, మా హాస్టల్లో ఒక హార్డ్ డిస్క్ తిరుగుతుండేది. దాని అసలు ఓనరు ఎవరో ఎవరికీ తెలీదు. సినిమాలు, గేములు, పాత క్వశ్చన్ పేపర్లు అన్నీ కలగాపులగంగా ఉండేవి. అందులో "డెత్ నోట్" అనే ఫోల్డరు చూపించి మా సీనియర్ ఒకాయన "రేయ్, ఇంటర్నల్స్ అయ్యేదాకా దీన్ని మాత్రం ముట్టుకోకు" అన్నాడు. అన్నాడు కాబట్టే ఆ రాత్రే ముట్టుకున్నా. 37 ఎపిసోడ్లు, మూడు రాత్రులు. ఇంటర్నల్స్ సంగతి అడక్కండి.

నాలుగో రోజు పొద్దున మొదలైంది అసలు బాధ. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది ఇది. ఒక మంచి సీరీస్ అయిపోయాక బుర్ర పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా ఉంటుంది. అలాంటిదే ఇంకోటి కావాలి, ఇప్పుడే కావాలి. మళ్ళీ సీనియర్ రూముకి పరిగెత్తా. "అన్నా, ఇలాంటిదే ఇంకోటి ఏమైనా ఉందా?" ఆయన చాలా ధీమాగా "కోడ్ గియాస్ చూడు" అన్నాడు. అందులోనూ ఒక తెలివైన కుర్రాడు, వాడికీ ఒక శక్తి, వాడూ ప్రపంచాన్ని మార్చేస్తానంటాడు. చూశా. బాగానే ఉంది. కానీ నాక్కావల్సింది అది కాదు. పోనీ ఏం కావాలో చెప్పమంటే చెప్పలేను.

డెత్ నోట్‌లో నాకు బాగా గుర్తుండిపోయింది చిప్స్ సీను. చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళ కోసం: హీరో గది నిండా ఎవరో రహస్య కెమెరాలు పెట్టారు. వాడు బుద్ధిగా చదువుకుంటున్నట్టు నటిస్తూ, చిప్స్ ప్యాకెట్లో బుల్లి టీవీ దాచుకుని, చిప్స్ తింటూ చావాల్సినవాళ్ళ పేర్లు రాస్తుంటాడు. నిజానికి తెర మీద జరిగేదేంటి? ఒక కుర్రాడు చిప్స్ తింటున్నాడు. దాన్ని కురుక్షేత్రం రేంజిలో తీశారు! నవ్వొస్తుంది, నవ్వుతూనే గుండె దడదడలాడుతుంది.

రెండేళ్ళ తర్వాత "అటాక్ ఆన్ టైటన్" చూస్తున్నప్పుడు మళ్ళీ అదే దడ. కథకీ కథకీ పోలికే లేదు. అది గదిలో కూర్చుని ఆడే చదరంగం, ఇది మనుషుల్ని తినే రాకాసుల కథ. మరి ఎక్కడిదీ పోలిక? ఆఖర్లో గబగబా పరిగెత్తే పేర్లని ఆ రోజే మొదటిసారి ఆపి చూశా. డైరెక్టర్ తెత్సురో అరాకి. 2006లో డెత్ నోట్ తీసిందీ ఈయనే, 2013లో టైటన్ మొదలుపెట్టిందీ ఈయనే. అంటే నేను "తెలివైన హీరో, అతీంద్రియ శక్తి" అని వెతుకుతున్నా. నాకు నచ్చిందేమో ఒక మనిషి చేతివాటం.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ఉదాహరణకి, డెత్ నోట్ నచ్చినవాళ్ళకి ఎవరైనా చెప్పే ఇంకో పేరు "మాన్‌స్టర్". జర్మనీలో ఉండే ఒక జపాన్ సర్జన్, తాను చిన్నప్పుడు బతికించిన పిల్లాడే పెద్దయ్యాక హంతకుడయ్యాడని తెలిసి వాణ్ణి వెతుక్కుంటూ పోతాడు. 2004-05లో వచ్చింది, 74 ఎపిసోడ్లు. తీసింది మసాయుకి కొజిమా. ఇది నచ్చితే తర్వాత ఏంటి? మామూలుగా అయితే ఇంకో క్రైమ్ థ్రిల్లర్ అంటారు. నేనైతే అదే కొజిమా 2017లో తీసిన "మేడ్ ఇన్ అబిస్" అంటా. ఒక పాప, ఒక రోబో పిల్లాడు, అంతులేని గొయ్యిలోకి దిగుతూ పోవడం. సీడీ షాపులో ఈ రెండూ ఒకే అరలో ఉండే ఛాన్సే లేదు. కానీ భయాన్ని అరవకుండా చూపించడం, చిన్న చిన్న మంచితనాల దగ్గర ఆగి నిలబడటం రెండింట్లోనూ ఒకటే. (బొమ్మలు ముద్దుగా ఉన్నాయని మీ అక్కవాళ్ళ పిల్లలకి మాత్రం పెట్టకండి, మీ అక్క మళ్ళీ మీతో మాట్లాడదు.)

ఇలా గిట్ బ్లేమ్ కొట్టుకుంటూ వెనక్కి వెనక్కి పోతే ఎక్కడ తేలానో తెలుసా? దివాలా తీసిన ఒక కంపెనీ దగ్గర.

దాని పేరు ముషి ప్రొడక్షన్. 1961లో మాంగా రచయిత ఒసాము తెజుకా పెట్టాడు. 1963 జనవరి 1న "ఆస్ట్రో బాయ్" మొదలైంది, వారం వారం అరగంట చొప్పున. తెజుకా టీవీవాళ్ళకి కోట్ చేసిన ధర, తయారీ ఖర్చుకన్నా తక్కువ! ప్రాజెక్టు పట్టుకోవడానికి రేటు తగ్గించేసి తర్వాత టీమ్‌ని పిండే మేనేజర్లు మనకి కొత్తా? మరి ఖర్చు తగ్గాలంటే బొమ్మలు తగ్గాలి. కదలాల్సిన చోట నోరు మాత్రమే కదుపు, వీలైతే అసలు కదపకు, పాత ఎపిసోడ్‌లో వేసినవి దాచిపెట్టి మళ్ళీ వాడు. మనం కోడ్ రీయూజ్ అంటామే, అదే. లోటుని బొమ్మల అమ్మకాలతోనూ, విదేశాలకి హక్కులు అమ్మీ పూడ్చుకున్నారు. అది ఎంతకాలం? 1973లో కంపెనీ మునిగింది.

మునగబోతోందని లోపలివాళ్ళకి ముందే తెలిసినట్టుంది. 1972లోనే కొంతమంది బయటికొచ్చి మ్యాడ్‌హౌస్ పెట్టారు, ఇంకొంతమంది సన్‌రైజ్ పెట్టారు. మ్యాడ్‌హౌస్ పెట్టినవాళ్ళలో ఒసాము దెజాకి ఒకడు. ముషిలో ఉండగా 1970లో "అషితా నో జో" అనే బాక్సింగ్ సీరీస్ తీశాడు. తర్వాత్తర్వాత ఈయనకి పేరు తెచ్చిన కిటుకు ఒకటుంది: ఘట్టం పతాకస్థాయికి చేరగానే బొమ్మని ఆపేసి, చేత్తో వేసిన రంగుల చిత్రంలా మార్చేయడం. డబ్బుల్లేక నిలబెట్టిన బొమ్మని ఈయన అందం కోసం నిలబెట్టాడు. మ్యాడ్‌హౌస్ 34 ఏళ్ళ తర్వాత తీసిందే డెత్ నోట్. చిప్స్ సీను ముత్తాత అక్కడ ఉన్నాడని నా నమ్మకం. నా పైత్యం అనుకున్నా ఫర్వాలేదు :-)

సన్‌రైజ్ వైపు వెళ్తే 1979లో "గుండమ్", 1998లో "కౌబాయ్ బీబాప్". ఆ బీబాప్ చేసినవాళ్ళలో కొందరు అదే ఏడు విడిపోయి పెట్టుకున్నదే బోన్స్. మనవాళ్ళు ప్రాణం పెట్టే "ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్" రెండుసార్లూ వాళ్ళదే, 2003లోనూ 2009లోనూ. అన్నట్టు, మా సీనియర్ చెప్పిన కోడ్ గియాస్ కూడా సన్‌రైజ్‌దే. అంటే డెత్ నోట్‌కి అది పెదనాన్న కొడుకు వరస. ఆయన తెలియకుండానే సరిగ్గా చెప్పాడు పాపం!

మ్యాడ్‌హౌస్ పెట్టినవాళ్ళలో ఇంకొకాయన మసావో మరుయామా. ఆయన డెబ్భయ్యో ఏట, 2011లో, బయటికొచ్చి మళ్ళీ సున్నా నుంచి మప్పా పెట్టాడు. అక్కడ్నించే 2016లో "ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్" వచ్చింది. టైటన్ ఆఖరి సీజన్ 2020లో మొదలైందీ మప్పాలోనే. వరస కలిసిందా?

ఇంతకీ నేను రాయాలనుకున్నది వీళ్ళ గురించి కాదు. ముషిలో రంగులు వేసే పని చేసిన యోకో హత్తా అనే ఆవిడ, పెళ్ళయ్యాక క్యోటో వైపు వెళ్ళి, 1981లో ఇరుగుపొరుగు ఇల్లాళ్ళతో కలిసి టోక్యో స్టూడియోల బొమ్మలకి రంగులు వేసిపెట్టే పని మొదలుపెట్టారు. అచ్చంగా అవుట్‌సోర్సింగ్. అదే క్యోటో యానిమేషన్ అయింది. బొమ్మకింత అని కూలి ఇచ్చే రంగంలో వీళ్ళు నెలజీతాలిచ్చి, మనుషుల్ని దగ్గర పెట్టుకుని నేర్పించారు. రంగుల నుంచి బొమ్మలకి, బొమ్మల నుంచి 2003లో మొత్తం సీరీస్ సొంతంగా తీసేదాకా ఎదిగారు. సర్వీస్ కంపెనీ ప్రొడక్ట్ కంపెనీ అవ్వాలని మన హైదరాబాదులో ఎన్ని పవర్‌పాయింట్లు చూసుంటాం? చేసి చూపించింది వీళ్ళు.

వాళ్ళ 2012 నాటి "హ్యోకా" నేను ఫైనలియర్‌లో చూశా. స్కూల్లో చిన్న చిన్న చిక్కుముళ్ళు విప్పే కథ, హత్యల్లేవు, అరుపుల్లేవు. సాయంత్రం ఎండ కిటికీలోంచి పడే తీరు కూడా గుర్తుండిపోతుంది. అంత నచ్చినా తీసిందెవరో చూడలేదు. 22 సార్లూ పేర్లు రాగానే స్కిప్.

2019 జులై 18న ఆ స్టూడియోకి ఒకడు నిప్పు పెట్టాడు. 36 మంది చనిపోయారు. నేను అప్పుడు ఉద్యోగంలో కొత్త, ఆఫీసు క్యాంటీన్లో ఫోన్‌లో చదివా. ఆగస్టులో పేర్లు బయటికొచ్చాయి. యసుహిరో తకెమొతో, 47 ఏళ్ళు, హ్యోకా దర్శకుడు. యోషిజి కిగామి: 1988లో "గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్"కీ "అకీరా"కీ బొమ్మలు వేసి, తర్వాత క్యోటోలో ఎంతోమంది కుర్రవాళ్ళకి పని నేర్పినవాడు. ఈ రెండు పేర్లూ నేను మొదటిసారి చదివింది మృతుల జాబితాలో. నాకన్ని గంటలు ఇచ్చినవాళ్ళు! చాలాసేపు సిగ్గుగా అనిపించింది.

ఆ సెప్టెంబరులో వాళ్ళ "వయలెట్ ఎవర్‌గార్డెన్" సినిమా విడుదలైంది. మామూలుగా ఆ కంపెనీలో ఏడాది అనుభవం దాటితేనే తెర మీద పేరు పడుతుంది. ఈ ఒక్క సినిమాకి మాత్రం పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ వేశారు, నిన్న చేరినవాళ్ళతో సహా. మనం రాసిన కోడ్ ఏ దేశంలో ఏ బ్యాంకులో నడుస్తోందో, మన పేరు కామిట్ లాగ్‌లో తప్ప ఎక్కడా ఉండదు కదా. అందుకేనేమో, ఆ పేర్ల దగ్గర నేను ఆగిపోయా.

మొన్న 2025 సెప్టెంబరులో "డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్" తెలుగులో వస్తే, మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడితో కలిసి వెళ్ళా. సినిమా అవ్వగానే హాలంతా లేచింది. వాడూ లేవబోతూ "బ్రో, ఇలాంటిదే ఇంకోటి చెప్పు" అన్నాడు. సరిగ్గా పదేళ్ళ కిందటి నా మొహం.

"కూర్చో, ఏది నచ్చింది ముందు చెప్పు" అన్నా.

"అదే బ్రో, కత్తి తిప్పినప్పుడు నీళ్ళు.. ఆ వెలుగు.." అంటూ చేత్తో గాల్లో గీశాడు.

"అలా అయితే యుయిచి తెరావో పేరు కోసం చూస్తుండు. విడివిడిగా గీసిన బొమ్మల్ని, వెలుగుల్ని, కంప్యూటర్ గ్రాఫిక్స్‌ని ఒక్క షాట్‌గా కలిపే టీమ్‌కి హెడ్డు. ఈయన పనే 2011లో 'ఫేట్ జీరో'లో ఉంది, 2007లో మొదలైన 'గార్డెన్ ఆఫ్ సిన్నర్స్' సినిమాల్లో ఉంది. కత్తులు అక్కడా ఉన్నాయిలే."

లైట్లు వేసేశారు. చీపురు పట్టుకున్న అతను మా వరస చివర నిలబడి ఎప్పుడు లేస్తారా అని చూస్తున్నాడు. తెర మీద పేర్లు ఇంకా వెళ్తూనే ఉన్నాయి, మావాడు ఫోన్లో ఫేట్ జీరో అని నోట్ చేసుకుంటున్నాడు.

"ఒక్క నిమిషం అన్నా, అయిపోవచ్చింది" అన్నా చీపురతనితో.